నేపుల్స్‌లో దిగాల్సిన పెట్టె

మే 6, శనివారం. బార్సిలోనా

ఓడ ఎక్కాను. పన్నెండూ ఇరవైకి రమ్మన్నారు, పదకొండూ యాభైకే వరసలో నిలబడ్డాను. నా వెనకవాళ్ళు అప్పటికింకా పాస్‌పోర్టులు వెతుక్కుంటున్నారు. హడర్స్‌ఫీల్డ్ బస్సు డిపోలో ముప్ఫై నాలుగేళ్ళు టైం కీపరుగా చేసినవాడికి ఇదేమీ గొప్ప కాదు.

గది ఏడో అంతస్తులో. రెండు మంచాలు. తువ్వాళ్ళను హంసల్లా మడిచి రెండింటి మీదా చెరొకటి పెట్టారు. ఏవిస్ మంచం మీది హంసను విప్పి స్నానాలగదిలో వేశాను. మా ఆవిడ పోయింది, నేనొక్కణ్ణే వస్తానని నవంబరులోనే ఫోను చేసి చెప్పాను. అవతలి అమ్మాయి రాసుకున్నానంది. ఏం రాసుకుందో.

అందరూ వెళ్ళొద్దన్నారు. ఈ ప్రయాణం మొత్తం ఏవిస్సే కుదిర్చింది. ఓడ, గది, ఊళ్ళలో ఏ టూరుకి వెళ్ళాలి, అన్నీ. కంప్యూటరు ముందు రోజుల తరబడి కూర్చుంది. నేను వెనక నిలబడితే, "నాకు వదిలెయ్యి సెడ్రిక్, ఈ ఒక్కటీ నాకు వదిలెయ్యి" అనేది. నలభై ఒక్క ఏళ్ళలో ఆమె తనంతట తాను చేసిన పని ఇదొక్కటే. దాన్ని రద్దు చేయడం మర్యాద కాదనిపించింది.

బల్ల మీద కవరు ఉంది. అందులో టూర్ టికెట్లు. ఆరు రేవులు, ఆరు టికెట్లు. అన్నీ ఓడవాళ్ళ బస్సులే, అది సంతోషం. ఓడవాళ్ళ బస్సులో వెళితే తిరిగి రావడం ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా ఊళ్ళోకి పోయినవాళ్ళ కోసం ఆగదు. అన్నిటి మీదా నా పేరూ, "ఒక్కరు" అన్న మాటా ఉన్నాయి.

ఆమెవి తీసేసినట్టున్నారు. పోనీ, అదైనా సరిగ్గా చేశారు.

మే 7, ఆదివారం. మార్సే

బస్సు తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. గైడుకి చెప్పాను. థాంక్యూ అంది. లెక్క పెట్టేటప్పుడు నా పక్క ఖాళీ సీటు చూసి, "మీ వాళ్ళింకా రాలేదా?" అని అడిగింది. రారు అన్నాను. ఊరు బాగానే ఉంది, ఫౌంటెన్లు.

సాయంత్రం పై డెక్కు మీద జనం గుమిగూడారు. సొంతంగా తిరగడానికి పోయినవాళ్ళు ఆలస్యమైతే రేవు పొడుగునా పరిగెత్తుకొస్తారు, పైనుంచి అందరూ చప్పట్లు కొడుతూ ఈలలేస్తారు. ఇది ప్రతి రేవులోనూ ఉంటుందట. నేను చప్పట్లు కొట్టలేదు గానీ గడియారం చూశాను. చివరి జంట నాలుగు నిమిషాలు లేటు. మెట్లు తీయబోతుండగా ఎక్కారు. మొగుడి ముఖం కందగడ్డలా ఉంది. ఆవిడ చెప్పులు చేత పట్టుకుని నవ్వుతోంది.

భోజనాల దగ్గర నాకు హెస్టర్ ప్రాట్ అనే ఆవిడను జత చేశారు. హాలిఫాక్స్ మనిషి, మా పక్క ఊరే. నలభై ఏళ్ళు కాన్పుల నర్సుగా చేసి రిటైరైంది. నోరు కాస్త పెద్దది.

"ఏమయ్యా, ఒక్కడివేనా?" అంది కూర్చోగానే.

"మా ఆవిడ నవంబరులో పోయింది."

"అయ్యో. మా ఆయన పోయి ఆరేళ్ళు." రొట్టెకి వెన్న రాసుకుంది. "టూర్లు ఓడవాళ్ళవా, సొంతమా?"

"ఓడవాళ్ళవే. ఆలస్యమైతే ఆగుతారు."

"నాకు సొంతంగా పోతేనే బాగుంటుంది. మా ఆయన బస్సెక్కేవాడు, నేను కాలినడకన పోయేదాన్ని. సాయంత్రం ఎవరి కబుర్లు వాళ్ళవి. ముప్ఫై ఆరేళ్ళ కాపరం అట్లాగే గట్టెక్కింది."

"మేమెప్పుడూ కలిసే వెళ్ళేవాళ్ళం."

"ఆవిడేమనేది?"

"ఏమంటుంది? ఏమీ అనేది కాదు."

ఆవిడ చేపలో ముల్లు తీసుకోవడంలో పడింది.

మే 8, సోమవారం. ఈ రోజంతా సముద్రమే

టూర్ల కౌంటరుకి వెళ్ళాను. ఏవిస్ టికెట్లు తీసేసినట్టు ఒక కాగితం ఇమ్మని అడగడానికి. ఏ పనికైనా కాగితం ఉండాలి. అక్కడ లిగాయా అనే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది. మర్యాదస్తురాలు. చాలాసేపు కంప్యూటరు చూసింది.

"సార్, మేడంవి మేం తీసెయ్యలేదండీ. అసలు కొనలేదు."

"అదేమిటి?"

"పోయిన సెప్టెంబరు పద్నాలుగునే ఆరు టూర్లూ మీ ఒక్కరికే తీసుకున్నారు. మేడం పేరు పక్కన ‘సొంతంగా’ అని ఉంది. ఆరు రేవుల్లోనూ."

ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందన్నాను. ఆ అమ్మాయి నన్ను సంతోషపెట్టాలని కాబోలు, ఇంకో మాట అంది.

"మీకు అన్నీ పెద్ద టూర్లే చూసి తీశారు సార్. ఎనిమిది గంటలకి తగ్గింది ఒక్కటీ లేదు. మధ్యాహ్నం భోజనం కూడా అందులోనే. మిమ్మల్ని బాగా చూసుకునేవారనుకుంటా."

"అవును," అన్నాను.

గదికొచ్చి ఆలోచిస్తే తేలిపోయింది. మోకాళ్ళు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు మొదలై ఉంటాయి. నాతో చెబితే నేను కూడా మానేస్తానని, నన్ను పంపించి తాను ఓడలో కూర్చుని చదువుకుందామనుకుంది. ఏవిస్ అంతే. తన బాధ తాను మింగే మనిషి. ఇంత చిన్న విషయానికి, టికెట్ల మీద ‘ఒక్కరు’ అన్న మాట చూసినప్పటి నుంచీ, నేను రెండు రాత్రులు నిద్ర పాడుచేసుకున్నాను.

సాయంత్రం చేర్చినది: "సొంతంగా" అంటే ఓడలో ఉండిపోవడం కూడా అవుతుంది. అవాలి.

మే 9, మంగళవారం. లివోర్నో

రేవు నుంచి బస్సులో ఫ్లోరెన్సు. జనం. బస్సు వేళకే వచ్చింది. మోకాళ్ళే.

మే 10, బుధవారం. చివితావెక్యా

రోములో ఏం చూశానో రాయడానికి ఓపిక లేదు.

మోకాళ్ళ మాట రాశాను గదా. ఏవిస్ వారానికి మూడు రోజులు లైబ్రరీలో జీతం లేని పని చేసేది. లైబ్రరీ కొండ మీద ఉంటుంది. ఎక్కడానికి పన్నెండు నిమిషాలు, దిగడానికి తొమ్మిది. అక్టోబరులో కూడా పన్నెండే. నా దగ్గర రాసి ఉంది.

సాయంత్రం అయిదున్నరకి గదికి వచ్చేసరికి ఆమె మంచం మీద ఇంకో కవరు ఉంది. పైన ఆమె పేరు. విప్పితే నారింజరంగు చీటీ ఒకటి, పెట్టె పిడికి కట్టేది. ఓడ దిగిపోయేవాళ్ళు ముందు రోజు సాయంత్రం పెట్టెకి ఆ చీటీ కట్టి తలుపు బయట పెట్టాలి. పొద్దున దిగేసరికి పెట్టె రేవులో సిద్ధంగా ఉంటుంది. ప్రయాణం అయిపోయే రోజున అందరికీ ఇస్తారు. మధ్య ఊళ్ళో దిగిపోవాలంటే ముందుగా రాసి అనుమతి తీసుకోవాలి. అనుమతి కాగితం కూడా అందులోనే ఉంది.

శ్రీమతి ఏవిస్ హోల్రాయిడ్. మే 11, నేపుల్స్‌లో దిగిపోతారు. తిరిగి ఎక్కరు. పెట్టెలు ఒకటి. పెట్టె చేర్చవలసిన చిరునామా: ఫిలొమేనా స్కొట్టో గారి ఇల్లు, ప్రోచిదా ద్వీపం.

నిలబడే నాలుగుసార్లు చదివాను. తర్వాత కాగితం పట్టుకుని లిగాయా దగ్గరికి వెళ్ళాను. చూడగానే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"క్షమించండి సార్. గదిలోంచి మేడం పేరు తీశారు గానీ, దిగేవాళ్ళ జాబితా వేరే వాళ్ళు చూస్తారు. వాళ్ళకి తెలిసినట్టు లేదు."

"ఒక్క పెట్టేనా?" అన్నాను. అన్నీ వదిలేసి అదెందుకు అడిగానో తెలియదు.

"ఒక్కటే సార్."

"ఇందులో ఇంకేమైనా రాసిందా? నాకు చెప్పమని గానీ?"

లిగాయా తెర వంక చూసింది. చెప్పాలా వద్దా అని మల్లగుల్లాలు పడుతోందని తెలుస్తూనే ఉంది. చెప్పమన్నాను. కస్టమరుని నేను, అడిగే హక్కు నాకుంది అన్నాను.

"‘మా ఆయన టూర్ బస్సు వెళ్ళిపోయాక దిగుతాను, అంతకు ముందు పిలవొద్దు’ అని ఉందండీ."

థాంక్యూ చెప్పి వచ్చేశాను.

భోజనాల దగ్గర కాగితం హెస్టర్ ముందు పెట్టాను. ఎవరికో ఒకరికి చూపించకపోతే ఊపిరాడేట్టు లేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది. వెక్కిరిస్తుందనుకున్నాను, వెక్కిరించలేదు.

"రేపు నీ టూరు ఎక్కడికి?"

"పాంపే శిథిలాలకి."

"పాంపే పో. బస్సెక్కు, రాళ్ళు చూడు, వాళ్ళు పెట్టింది తిను, తిరిగి రా. ఈ ద్వీపం జోలికి పోకు."

"సొంతంగా తిరగమని చెప్పే మనిషివి నువ్వేగా?"

"ఊళ్ళు చూడ్డానికి చెప్పానయ్యా, ఇలాంటిదానికి కాదు. నలభై ఏళ్ళు కాన్పులు చేశాను. ఒకసారి బయటికొచ్చింది మళ్ళీ కడుపులోకి పోదు. ఎంత ఏడ్చినా పోదు."

"నాకు తెలియాలి."

"ఏం తెలియాలి?"

చెప్పలేకపోయాను. ఇక్కడ రాసుకుంటాను. నలభై ఒక్క ఏళ్ళు ఆమె నాతో ఉండాలని ఉందా, పోవడానికి చోటు లేక ఉందా. అదొక్కటీ తెలిస్తే చాలు.

నేను తాగను. ఇంకో ఆడమనిషి వంక చూసి ఎరగను. ఆమె మీద ఒక్కనాడు చెయ్యెత్తలేదు. ఆమె బయటికి వెళ్ళిన వేళా తిరిగి వచ్చిన వేళా పుస్తకంలో రాసేవాణ్ణి, నిజమే. ఇందులో తప్పేముంది? డిపోలో రోజుకి రెండు వందల బస్సులకి రాశాను, ఒక్క డ్రైవరూ నన్ను తప్పు పట్టలేదు. మనిషి ఎక్కడుందో తెలియాలంటే రాయాలి. లేటైతే ఎందుకని అడిగేవాణ్ణి. అడక్కపోతే పట్టించుకోనట్టు.

ఆమె పోయిన రోజున కూడా రాశాను. పదీ పదికి మందుల షాపుకని వెళ్ళింది, పదీ యాభైకల్లా వస్తానంది. పదకొండున్నర దాకా వీధి తలుపు దగ్గర నిలబడ్డాను. రాగానే ఏమనాలో మాటలు కూడా కూర్చుకున్నాను. పోలీసులు వచ్చి మందుల షాపులో వరసలో నిలబడి కూలిపోయిందని చెప్పారు. మొదట నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఇది ఎవరికీ చెప్పలేదు.

మే 11, గురువారం. నేపుల్స్

పొద్దున ఏడు. పాంపే బస్సులు కింద వరసగా నిలబడ్డాయి. నాది నాలుగో నంబరు.

ఏడూ ఇరవై. చీటీ జేబులో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

ఏడూ నలభై. నాలుగో నంబరు నేను లేకుండా వెళ్ళిపోయింది.

మే 11. ప్రోచిదా పడవలో

ఓడ సాయంత్రం ఆరింటికి బయల్దేరుతుంది, అందరూ అయిదున్నరకల్లా ఎక్కాలి. ద్వీపం నుంచి తిరుగు పడవలు రెండూ పదికి ఒకటి, నాలుగింటికి ఒకటి. రెండూ పది పడవ అందుకుంటే ఏ ఢోకా ఉండదు. సముద్రం కొంచెం పొంగింది. ఎదురు బెంచీ మీద ఒకావిడ కాళ్ళ మధ్య చేపల బుట్ట పెట్టుకుని నిద్రపోతోంది.

ఇందాక ఒకటి తట్టింది. రాత్రంతా ఎందుకు తట్టలేదో. జూలైలో మా పెళ్ళిరోజు. నలభై రెండోది. ఆ ద్వీపంలో ఇల్లు మాట్లాడి, తాను ముందు దిగి సర్దిపెట్టి, నన్ను పిలిపిద్దామనుకుంది. నన్ను ఆశ్చర్యపరుద్దామని. పెట్టె ఒక్కటే అంటే మరి అంతే గదా, నా పెట్టె నేను తెచ్చుకుంటాను. బస్సు వెళ్ళాక దిగుతానన్నది కూడా అందుకే. ముందే తెలిస్తే ఆశ్చర్యమేముంది?

ఏవిస్ అలాంటివి ఎప్పుడూ చేయలేదు. కానీ ఓడ ప్రయాణం కూడా ఎప్పుడూ చేయలేదు.

గుండె కాస్త కుదుటపడింది. హెస్టర్‌కి సాయంత్రం చెప్పాలి.

మే 11, సాయంత్రం. ఓడలో

అయిదూ పన్నెండుకి ఎక్కాను. రెండూ పది పడవ అందుకోలేదు. నాలుగింటిది ఎక్కాను. నా జన్మలో ఇంత ఆలస్యంగా దేనికీ వెళ్ళలేదు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇల్లు పడవల రేవు పైన, మెట్ల వరస చివర ఉంది. పసుపు రంగు గోడ, కింద రెండు గదులు, పైన ఒకటి. తలుపు కొడితే ఫిలొమేనాయే తీసింది. డెబ్భై దాటిన మనిషి, నల్ల గౌను, చేతులకి పిండి. ఇంగ్లీషులో మాట్లాడింది. వయసులో ఉండగా మా దేశంలోనే, బెడ్‌ఫర్డ్‌లో ఇటుకల బట్టీ క్యాంటీనులో పదకొండేళ్ళు వంట చేసిందట. మాటతీరులో ఆ ఊరి యాస ఇంకా ఉంది.

జేబులో చీటీ తీసి చూపించాను. పేరు చదివి నా వెనక మెట్ల మీదకి చూసింది.

"ఆవిడేదండీ? నవంబరు నుంచీ ఉత్తరం లేదు. మే పదకొండుకే వస్తానందిగదా అని పొద్దున్నే పక్క దులిపి పెట్టాను. పెట్టె మోయడానికి మా తమ్ముణ్ణి కూడా కూర్చోబెట్టాను."

నిజంగానే లోపల ముసలాయన ఒకడు టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆమె పోయిందమ్మా," అన్నాను. "నవంబరు ఇరవై రెండున."

ఫిలొమేనా పిండి చేతులతోనే మొహం కప్పుకుంది. మా ఆవిడ కోసం నేనెప్పుడూ చూడని మనిషి ఏడుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఏం చేయాలో తెలియలేదు. తమ్ముడు లేచి కుర్చీ ఇచ్చాడు.

కాసేపటికి తేరుకుని కాఫీ పెట్టింది. అప్పుడు అడిగింది.

"మీరు ఆవిడ అన్నగారా?"

కాదు అనడానికి నోరు తెరిచాను. ఆమె ఆగలేదు.

"అన్నగారే అయ్యుంటారులే. ఇంకెవరొస్తారు, పాపం. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, నాకెవరూ లేరని రాసిందిగా మొదటి ఉత్తరంలోనే."

చేతిలో కప్పు బల్ల మీద పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను, అది గుర్తుంది.

"అవునమ్మా," అన్నాను. "అన్నయ్యనే."

ఎందుకలా అన్నాను? మొగుణ్ణి నేనే, బతికే ఉన్నాను అని ఆ మనిషి మొహం మీద చెప్పడానికి సిగ్గేసింది. నిజం చెప్పి తలవంచుకోవడం కన్నా అబద్ధం చెప్పి కూర్చోవడం తేలికనిపించింది. నలభై ఒక్క ఏళ్ళు అబద్ధమన్నది ఎరగనని ఏవిస్‌తో గొప్పలు పోయేవాణ్ణి.

గది చూపిస్తానంది. వద్దనలేదు. మెట్లెక్కుతుంటే కూడా ఇంకా ఆ పెళ్ళిరోజు మాటే పట్టుకుని వేలాడుతున్నాను. రెండు దిండ్లున్నాయేమో, రెండు కుర్చీలున్నాయేమో అని. ఒక మనిషికి సరిపోయే ఇనప మంచం ఉంది. ఒక కుర్చీ, ఒక బల్ల, సముద్రం వైపు కిటికీ. గోడకి బట్టలు తగిలించుకునే కొక్కేలు మూడు.

"ఎన్నాళ్ళకని మాట్లాడింది?"

"ఎన్నాళ్ళేమిటి? ఉంటాననే అంది. ఇక్కడి చలి పర్లేదా అని అడిగితే, మీ చలి నాకొక చలేనా అని రాసింది. చలోక్తులాడేది మీ చెల్లెలు. ఉత్తరం వస్తే మా తమ్ముడికి చదివి వినిపించేదాన్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం."

ఏవిస్ చలోక్తులాడడం నేనెప్పుడూ వినలేదు.

"ఇంకేం అడిగేది?"

"అదే విచిత్రం. అద్దెకొచ్చేవాళ్ళు వేన్నీళ్ళొస్తాయా, వంటిల్లు ఎక్కడ, బజారెంత దూరం అని చంపుతారు. ఈవిడ అవేమీ అడగలేదు. తలుపుకి లోపల గడియ ఉందా అని అడిగింది, అంతే. ఉందని, ఆవిడిచ్చిన లైబ్రరీ చిరునామాకి రాశాను. గట్టిదేనా, బయటినుంచి ఎవరూ తీయలేరు గదా అని మళ్ళీ రాసింది. అంతలా అడుగుతోందే అని మా తమ్ముడి చేత కొత్తది వేయించాను." తలుపు మూసి, గడియ వేసి, తీసి చూపించింది. "చూడండి. ఇనపది."

మా ఇంట్లో స్నానాలగదికి గడియ లేదు. 1991లో నేనే ఊడదీశాను. ఒకరోజు ఏవిస్ లోపల గడియ పెట్టుకుని గంటా నలభై నిమిషాలు బయటికి రాలేదు. నీళ్ళ చప్పుడు కూడా లేదు. పిలిస్తే పలకలేదు. ఏం చేస్తున్నావని అడిగితే, ఊరికే కూర్చున్నానంది. ఊరికే ఎవరైనా కూర్చుంటారా? ఏమన్నా అయితే ఎట్లాగని మర్నాడే స్క్రూడ్రైవరు తెచ్చి తీసేశాను. పడగ్గదిదీ తీశాను. ఆమె హాల్లో నిలబడి చూసింది. అప్పుడు కూడా ఏమీ అనలేదు. నేను భద్రత కోసమే తీశాను. ఇరవై ఆరేళ్ళుగా అదే అనుకుంటున్నాను. ఆ గదిలో కూడా అదే అనుకోబోయాను, అనుకోలేకపోయాను.

మంచం మీద కూర్చున్నాను. రెండూ పది పడవ కూత వినిపించింది. ఫిలొమేనా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. వెళ్ళమనలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళ దగ్గర కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏవిస్ ఎట్లా పోయింది, బాధపడిందా, ఎక్కడ పూడ్చారు, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. అన్నయ్య చెప్పినట్టే చెప్పాను. అట్లా చెబుతుంటే ఆమె నాకు కూడా ఎవరో మంచి మనిషి, దూరాన ఉన్న మనిషి అనిపించింది. నిజంగానే ఏడుపొచ్చింది.

"ఆయన పోయి చాలా కాలమైందా?" అంది.

"ఎవరు?"

"వాళ్ళాయన."

"చాలా ఏళ్ళైంది," అన్నాను.

"ఎలాంటివాడు?"

ఎంత వెతికినా ఒక్కటే దొరికింది.

"వేళకి ఇంటికొచ్చేవాడు."

"అది సరేనండీ. మంచివాడేనా అని."

అవునని ఒక్క మాట అంటే సరిపోయేది, ఆమె నమ్మేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆమె తలుపు గడియ వంక చూడడం లేదు, నేనే చూస్తున్నాను.

"నాకు తెలీదమ్మా," అన్నాను.

ఫిలొమేనా ముందుకు వంగి, పిండి ఆరిన చేత్తో నా చెయ్యి తట్టింది.

"మీకెట్లా తెలుస్తుంది లెండి, అన్నగారూ," అంది. "కాపరం చేసిన వాళ్ళకి తెలియాలి గానీ."